పాత వింగ్‌మాస్టర్‌కు కొత్త బ్యారెల్ ఎక్కింది, మూడంగుళాల తూటా మాత్రం బయటికి రావడం లేదు

డల్లాస్_వేణు
మా వీధిలో ఉండే ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్తూ తన రెమింగ్టన్ 870 వింగ్‌మాస్టర్ పంపు తుపాకీని నాకు అమ్మారు. 1960లలో కొన్నానని ఆయన చెప్పారు. వాల్‌నట్ కర్ర మెరుగు ఇంకా చెక్కుచెదరలేదు. ఫోర్‌ఎండ్ (బ్యారెల్ కింద ముందుకూ వెనక్కూ జరిగే పట్టు) లాగితే నూనె పెట్టిన గడియలా జారుతుంది. దాని సొంత బ్యారెల్ (గొట్టం) 28 అంగుళాల పొడవు, ఫుల్ చోక్ (మూతి దగ్గర బాగా ఇరుకు), రెండు ముప్పావు అంగుళాల తూటాల కోసం చేసినది. బాతుల వేటలో సీసం గుళ్లు నిషిద్ధం కనుక, ఆ పాత ఫుల్ చోక్ గుండా ఉక్కు గుళ్లు పంపడానికి మనసొప్పక, ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర వాడిన 26 అంగుళాల బ్యారెల్ కొన్నాను. దానికి చోక్ మార్చుకొనే వీలుంది. 2¾ అంగుళాల తూటాలకూ, 3 అంగుళాల తూటాలకూ పనికివస్తుందని దాని ఎడమ పక్కన చెక్కి ఉంది. ఏ 870కైనా సరిపోతుందని అమ్మినాయన రాశారు.

ఆయన చెప్పినట్టే అది ఎక్కింది. మ్యాగజైన్ (బ్యారెల్ కింద తూటాలుండే గొట్టం) మూత విప్పి పాతది తీసి కొత్తది పెట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. క్లే (గాలిలోకి విసిరే మట్టి బిళ్లలు) మీద 2¾ తూటాలు రెండు పెట్టెలు కాల్చినా ఒక్కటీ ఆగలేదు. పోయిన శనివారం మూడంగుళాల ఉక్కు తూటాలతో కాగితం మీద గుళ్ల పరపు చూద్దామని వెళ్లాను. మొదటిది పేలిన తరువాత ఫోర్‌ఎండ్ వెనక్కి లాగితే, ఖాళీ తూటా మూతి, తూటాలు బయటికి పడే కిటికీ ముందు అంచుకు తగులుకొని అడ్డంగా నిలిచిపోయింది. వేలితో పీకి తీయవలసి వచ్చింది. ఐదు కాల్చితే మూడు అలాగే ఆగాయి. బ్యారెల్ తప్పా, తుపాకీ తప్పా, నా చేతి తప్పా? నా స్నేహితుడి దగ్గర కొత్త ఎక్స్‌ప్రెస్ (870లోనే మరో రకం) నుంచి విప్పిన ట్రిగ్గర్ గ్రూపు (ట్రిగ్గరూ దానితో కలిసి ఉండే భాగాలూ) ఒకటి ఉంది. అది వేస్తే ఈ ఇబ్బంది తీరుతుందా?

మిషిగన్_మామయ్య
రిసీవర్ (బోల్టూ ట్రిగ్గరూ ఉండే మధ్య పెట్టె) ఎడమ పక్కన ఉన్న క్రమసంఖ్య చివర ఏ అక్షరం ఉందో చూసి చెప్పండి. మిగతా మాటలన్నీ దాని తరువాతే.

డల్లాస్_వేణు
చివర 'వి' అని ఉంది.

మిషిగన్_మామయ్య
అయితే జవాబు అక్కడే ఉంది. 12 గేజ్ (గొట్టం వెడల్పు కొలత) 870లలో 'వి' అంటే 2¾ అంగుళాల తూటాకు కట్టిన రిసీవర్, 'ఎం' అంటే 3 అంగుళాల మ్యాగ్నం రిసీవర్. బ్యారెల్ మారినంత మాత్రాన రిసీవర్ మారదు. మీ బ్యారెల్ మీద ఏమి చెక్కి ఉన్నా, ఆ తుపాకీలో 2¾ తూటాలే వాడండి.

లేథ్_శర్మ
మామయ్య గారు చెప్పినది పూర్తిగా సరైనది. కారణం కూడా తెలిస్తే వేణు గారికి ముందు ముందు ఏ భాగం కొనాలన్నా ఉపయోగపడుతుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

870లో బోల్టులో (తూటా వెనక మూసుకొనే కదిలే భాగం) ఉండే లాకింగ్ బ్లాక్ పైకి లేచి, బ్యారెల్ వెనక కొసన రిసీవర్‌లోకి చొచ్చుకొని వచ్చే నాలుకలాంటి భాగంలోని గాడిలో కూర్చుంటుంది. ఆ నాలుకను బ్యారెల్ ఎక్స్‌టెన్షన్ అంటారు. అంటే తూటా పేలినప్పుడు బోల్టు పట్టుకొని నిలిచేది బ్యారెల్‌నే, రిసీవర్‌ను కాదు. ఈ ఒక్క ఏర్పాటు వల్లనే 1950లో చేసిన 870కి నలభై ఏళ్ల తరువాత చేసిన బ్యారెల్ కూడా ఆకురాయి తాకకుండా ఎక్కుతుంది. 2009 నాటికి కోటి దాటిన తుపాకీ ఇది. వాటిలో 12 గేజ్ బ్యారెళ్లు చాలావరకు ఒకదానికొకటి మారతాయి. ఏ 870కైనా సరిపోతుందనే మాట పుట్టింది ఇక్కడే.

కానీ ఎజెక్టర్ బ్యారెల్‌లో లేదు. అది రిసీవర్ లోపలి ఎడమ గోడకు రివెట్లతో బిగించిన సన్నని ఉక్కు పట్టీ. బోల్టు వెనక్కి వస్తున్నప్పుడు కుడి పక్కన ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ తూటా అంచును పట్టి లాగుతుంది. ఎడమ పక్కన తూటా అంచు ఎజెక్టర్ కొసకు తగలగానే తూటా కుడివైపుకు తిరిగి కిటికీలోంచి ఎగిరిపడుతుంది. 2¾ రిసీవర్‌లో ఆ తగలడం 2¾ తూటాకు తగిన సమయంలో జరిగేలా అమర్చారు. పేలిన మూడంగుళాల తూటా పావు అంగుళం పొడవు ఎక్కువ కనుక, దాని మూతి ఇంకా ముందు అంచు దాటకముందే వెనక నుంచి ఆ దెబ్బ పడుతుంది. ఫలితమే మీరు చూసిన అడ్డంగా నిలిచిన తూటా. మీ చేతి తప్పు ఏమీ లేదు.

ట్రిగ్గర్ గ్రూపుకూ దీనికీ సంబంధం లేదు. దాన్ని మార్చినా తూటా అక్కడే ఆగుతుంది.

గోదారిగట్టు
నేను శర్మ గారితో పూర్తిగా ఏకీభవించను. నా దగ్గర ఉన్నది కూడా 'వి' తుపాకీయే, 1970లలోది. దాని మీద మూడంగుళాల బ్యారెల్ వేసి నాలుగు సీజన్లు తిరిగాను. ఫోర్‌ఎండ్‌ను భయపడుతూ కాకుండా గట్టిగా ఒక్క విసురుతో లాగితే పదిలో ఎనిమిది బయటికి వస్తాయి. బ్యారెల్ ఒత్తిడిని భరిస్తున్నప్పుడు ప్రమాదం ఎక్కడ ఉంది?

కొలంబస్_రావు
పదిలో ఎనిమిది వస్తున్నాయంటే మిగతా రెండు మీ తుపాకీ మీకు చెబుతున్న మాట. బాతు తిరిగి పైకి లేస్తున్నప్పుడు ఆగేవి సరిగ్గా ఆ రెండే.

లేథ్_శర్మ
గోదారిగట్టు గారు అడిగినది న్యాయమైన ప్రశ్న. మూడంగుళాల చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఉన్న బ్యారెల్‌లో మూడంగుళాల తూటా పేలినప్పుడు ఆ బ్యారెల్ పగిలిపోతుందని నేను అనడం లేదు. రెండు విషయాలు చెబుతాను. తుపాకీ కంపెనీ ఆ రిసీవర్‌కు ఇచ్చిన హామీ 2¾ తూటాకు మాత్రమే. రెండవది, సగం బయటికి వచ్చి ఇరుక్కున్న ఖాళీ తూటా వెనక, మ్యాగజైన్ నుంచి విడుదలైన నిండు తూటా క్యారియర్ (తూటాను పైకి లేపే నాలుక) మీద సిద్ధంగా ఉంటుంది. ఆ స్థితిలో చలికి కొంకర్లు పోయిన వేళ్లతో, నడుము లోతు నీటిలో, పక్కన కుక్కా స్నేహితుడూ ఉండగా పీకులాట మొదలవుతుంది. నాకు భయం అక్కడ.

క్లేబర్డ్_స్వప్న
దీనికి తలకిందులైన పొరపాటు ఒకటి ఉంది, అది ఇంతకంటే చాలా ప్రమాదకరం కనుక ఇక్కడే చెప్పాలి. కొత్త మ్యాగ్నం రిసీవర్ మీద పాత 2¾ బ్యారెల్ కూడా అంతే సులువుగా ఎక్కుతుంది. అప్పుడు రిసీవర్ మీద 'ఎం' అక్షరం చూసి, ఇది మూడంగుళాల తుపాకీ అనుకొని మూడంగుళాల తూటా పెడితే అది లోపలికి వెళ్తుంది, బోల్టు మూసుకుంటుంది, తుపాకీ ఏ అడ్డూ చెప్పదు.

ఎందుకు వెళ్తుందో నేను బల్ల మీద పెట్టి చూశాను. తూటా మీద రాసిన పొడవు పేలిన తరువాతి పొడవు. పేలకముందు దాని మూతి పువ్వు మొగ్గలా లోపలికి మడిచి ఉంటుంది కనుక నిండు మూడంగుళాల తూటా పొడవు 2¾ అంగుళాల కంటే తక్కువే ఉంటుంది. అందుకే 2¾ చాంబర్‌లో అది హాయిగా పడుతుంది. పేలగానే ఆ మడతలు విచ్చుకొని, చాంబర్ ముగిసి గొట్టం సన్నబడే చోటులోకి దూరుతాయి. గుళ్లూ వాటి కప్పూ వెళ్లవలసిన దారి అక్కడ ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. మా క్లబ్బులో ఒకాయన తెలియక ఇలా మూడు కాల్చారు; ఆ ఖాళీ తూటాల మూతులు చింపిన కాగితంలా పీలికలై ఉన్నాయి. ఆయన అదృష్టం బాగుండి తుపాకీకీ చేతికీ ఏమీ కాలేదు. బ్యారెల్ మీద చెక్కినదీ, రిసీవర్ మీద చెక్కినదీ రెండూ చదవాలి, వాటిలో చిన్నది ఏదో దానికే కట్టుబడాలి.

మిషిగన్_మామయ్య
స్వప్న గారి చివరి వాక్యం నేను కాగితం మీద రాసి నా తుపాకీ పెట్టె మూత లోపల అంటించుకున్నాను.

డల్లాస్_వేణు
ఇప్పుడు అర్థమైంది. అయితే ఎజెక్టర్‌నే మార్చి 'వి' తుపాకీని మ్యాగ్నంగా చేసుకోవచ్చా? ఒక వీడియోలో ఒకాయన దాని కొసను ఆకురాయితో అరగదీస్తే చాలని చూపించారు.

లేథ్_శర్మ
దయచేసి ఆకురాయి తీయకండి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. ఎజెక్టర్ కొస కొంచెం ఎక్కువ అరిగితే ఇప్పుడు చక్కగా ఎగిరిపడుతున్న 2¾ తూటాలు కూడా రిసీవర్‌లోనే పడిపోతాయి. తీసివేసిన ఉక్కును తిరిగి అంటించలేము.

మార్చడం అసాధ్యం కాదు, కానీ అది ఇంటి పని కాదు. రివెట్ల తలలు రిసీవర్ ఎడమ పక్కన బయటికే ఉంటాయి. మెరుగుపెట్టి నల్లగా పూత పూశాక అవి కంటికి కనబడవు. వాటిని తొలగించి, కొత్త ఎజెక్టర్ పెట్టి, కొత్త రివెట్లు కొట్టి, పైన సాపు చేసి, ఆ చోట నల్లపూత మళ్లీ వేయాలి. వింగ్‌మాస్టర్ మెరుగు మీద ఆ అతుకు కనబడకుండా చేయగల చేతులు తక్కువ, కూలి ఎక్కువ. అరవై ఏళ్ల అందమైన రిసీవర్‌ను పావు అంగుళం కోసం అంత బాధపెట్టాలా అన్నది మీరే ఆలోచించుకోండి. మ్యాగ్నం కావాలంటే వాడిన 'ఎం' ఎక్స్‌ప్రెస్ ఒకటి కొనడం నయం.

ఒహాయో_గన్నవరం
మాస్‌బర్గ్ కంపెనీ 500 పంపు తుపాకీలో ఈ బాధ లేదు. దాని ఎజెక్టర్‌ను పట్టి ఉంచేది ఒకే ఒక్క మర. అరిగితే స్క్రూడ్రైవర్‌తో ఇంట్లోనే మార్చుకోవచ్చు.

కొలంబస్_రావు
నిజమే, కానీ మాస్‌బర్గ్‌లో వేరే చిక్కులు ఉన్నాయి. 500 బ్యారెల్ అదే కంపెనీ 590కి ఎక్కదు, 590ది 500కి ఎక్కదు. 500లో బ్యారెల్ కింద ఉన్న మర మ్యాగజైన్ గొట్టం కొసలోకి బిగుస్తుంది; 590లో బ్యారెల్ ఉంగరం గొట్టానికి తొడుక్కొని పైన మూత బిగుస్తుంది. పేర్లు దగ్గరగా ఉన్నాయని కొనేసి మోసపోయినవాళ్లు చాలామంది. 500లోనే ఆరు తూటాల తుపాకీ బ్యారెల్ ఎనిమిది తూటాల దానికి సరిపోదు, ఎందుకంటే ఆ మర ఉండే దూరం వేరు. మావెరిక్ 88 బ్యారెళ్లు మాత్రం అదే పొడవు మ్యాగజైన్ ఉన్న 500కి ఎక్కుతాయి; ట్రిగ్గర్ గ్రూపులు మారవు, ఎందుకంటే 88లో సేఫ్టీ ట్రిగ్గర్ గార్డులో ఉంటుంది, 500లో రిసీవర్ వెనక పైభాగాన ఉంటుంది. ఇక 1970కి ముందు 500లలో ఫోర్‌ఎండ్ నుంచి బోల్టుకు ఒకే కడ్డీ ఉండేది, తరువాత రెండు కడ్డీలు వచ్చాయి. ఒంటి కడ్డీ తుపాకీకి కొత్త ఫోర్‌ఎండ్ కొనాలని చూడకండి.

డల్లాస్_వేణు
ఎజెక్టర్ జోలికి వెళ్లను. ట్రిగ్గర్ గ్రూపు సంగతి మాత్రం చెప్పండి. స్నేహితుడు ఊరికే ఇస్తానంటున్నాడు. రెండు పిన్నులు తోస్తే వచ్చేస్తుంది కదా, పాతదాన్ని దాచి ఇది వాడుకోవచ్చు కదా అనిపించింది.

లేథ్_శర్మ
పిన్నులు రెండే, గ్రూపు కూర్చోవడమూ కూర్చుంటుంది. కానీ ట్రిగ్గర్ గ్రూపుతో పాటు క్యారియర్ కూడా వస్తుందని మరిచిపోకండి. తూటాను మ్యాగజైన్ నుంచి చాంబర్ ఎత్తుకు లేపే ఆ నాలుక గ్రూపుకే అతికి ఉంటుంది. తుపాకీని వెల్లకిలా తిప్పి చూడండి. క్యారియర్ మధ్యలో 'యూ' అక్షరం ఆకారంలో కోత ఉంటే అది ఫ్లెక్స్‌ట్యాబ్ క్యారియర్. కోత లేకుండా గరిటెలా నిండుగా ఉంటే పాతది. 1980ల నడుమ ఈ మార్పు వచ్చింది. మీ తుపాకీలో తప్పకుండా పాతదే ఉంటుంది.

ఫ్లెక్స్‌ట్యాబ్ అన్నది క్యారియర్ ఒక్కదాని మార్పు కాదు. బోల్టు కింద ఉండి కడ్డీలతో కలిసి కదిలే స్లయిడ్‌ను కూడా దానికి తగ్గట్టే కోశారు. ఈ రెండూ జతగా పనిచేసేవి. కొత్త క్యారియర్‌ను పాత స్లయిడ్‌తో కలిపితే కోత ఉన్నా దాని ప్రయోజనం దక్కదు. మార్చాలనుకుంటే జతగా మార్చండి, లేకపోతే రెండూ పాతవే ఉంచండి.

గోదారిగట్టు
అసలు ఆ కోత ఎందుకు పెట్టారో ఎవరైనా చెబుతారా? ఇరవై ఏళ్లుగా పాత క్యారియర్ వాడుతున్నాను, నాకు ఒక్కసారి కూడా అవసరం కలగలేదు.

కొలంబస్_రావు
నాకు కలిగింది కనుక చెబుతాను. ఎనిమిదేళ్ల కిందట పావురాల సీజన్ మొదటి రోజు. ఒకటి కాల్చి, తొందరలో మరో తూటాను మ్యాగజైన్‌లోకి తోశాను గానీ 'టిక్' మని కొక్కెం పడేదాకా తోయలేదు. బొటనవేలు తీయగానే ఆ తూటా వెనక్కి జారి క్యారియర్ పైకి, బోల్టు కిందికి వచ్చి కూర్చుంది. ఇక అంతే. ఫోర్‌ఎండ్ ముందుకు రాదు, వెనక్కి పోదు. క్యారియర్ కిందికి దిగదు, ఎందుకంటే దాని మీద తూటా ఉంది. కింద నుంచి చూస్తే తూటా ఎక్కడా కనబడదు, నిండు ఇనుప గరిట మాత్రమే కనబడుతుంది. పొలం గట్టు మీద కూర్చొని, తుపాకీ మూతిని ఎవరూ లేని వైపు పెట్టి, సన్నని చాకు మొనతో పక్క సందులోంచి తూటా అంచును తడుముతూ నలభై నిమిషాలు గడిపాను. చివరికి పిన్నులు తోసి ట్రిగ్గర్ గ్రూపునే కిందికి లాగి బయటపెట్టాను.

ఫ్లెక్స్‌ట్యాబ్ ఉంటే ఆ కోతలోని నాలుక వంగి స్లయిడ్‌కు దారి ఇస్తుంది, ఫోర్‌ఎండ్‌ను బలంగా వెనక్కి లాగి విడిపించుకోవచ్చు. ఆ సంవత్సరమే క్యారియర్, స్లయిడ్ రెండూ కొని మార్పించాను. గోదారిగట్టు గారికి అవసరం కలగలేదంటే ఆయన ప్రతి తూటానూ టిక్‌మనేదాకా తోస్తున్నారని అర్థం. ఆ అలవాటు ఉన్నవారికి పాత క్యారియర్‌తో ఏ లోపమూ లేదు.

క్లేబర్డ్_స్వప్న
కొత్త ట్రిగ్గర్ గ్రూపుల్లో చాలావాటికి చట్రం ప్లాస్టిక్. వేణు గారి వింగ్‌మాస్టర్‌లో ఉన్నది అల్యూమినియం. పనితనంలో ప్లాస్టిక్ తక్కువని నేను అనను, మా క్లబ్బు తుపాకులు దానితోనే వేల తూటాలు కాల్చాయి. అయితే ఆ తుపాకీలో పుట్టిన గ్రూపు బాగా పనిచేస్తున్నప్పుడు దాన్ని తీసి డబ్బాలో పెట్టడానికి కారణం కనబడడం లేదు. స్ప్రింగులు బిగువు తగ్గి ఉంటే స్ప్రింగులు మార్చండి.

డల్లాస్_వేణు
గరిటెలాగే ఉంది, కోత లేదు. గ్రూపు జోలికి కూడా వెళ్లను. ఇంకొక చిన్న అనుమానం మిగిలింది. కొత్త బ్యారెల్‌తో కాల్చుతున్నప్పుడు ప్రతి పెట్టెకు ఒకసారి మ్యాగజైన్ మూత వదులవుతోంది. పాత బ్యారెల్‌తో ఎప్పుడూ వదులైనట్టు గుర్తు లేదు.

మిషిగన్_మామయ్య
పాత బ్యారెల్ ఉంగరం ముందు ముఖాన వేలు పెట్టి చూడండి, స్ప్రింగు మీద లేచే చిన్న గుండ్రని బొడిపె తగులుతుంది. మూత వెనక అంచున ఉన్న పళ్లలో అది పడి మూతను తిరగనివ్వదు. మీ కొత్త బ్యారెల్‌కు ఆ బొడిపె ఉండకపోవచ్చు.

డల్లాస్_వేణు
లేదు. పాతదానికి ఉంది, కొత్తదానికి లేదు. మూత పళ్లు ఊరికే తిరుగుతున్నాయి.

లేథ్_శర్మ
1987లో ఎక్స్‌ప్రెస్ వచ్చిన తరువాత మూతను ఆపే పని బ్యారెల్ ఉంగరం నుంచి మ్యాగజైన్ గొట్టం లోపలికి మారింది. గొట్టం కొసలో పళ్లున్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉండి, అదే స్ప్రింగునూ ఆపుతుంది, మూతనూ పట్టుకుంటుంది. ఆ ముక్క తిరగకుండా గొట్టానికి బయటి నుంచి రెండు నొక్కులు నొక్కారు. మ్యాగజైన్ పొడిగింపు పెట్టాలనుకొనేవారికి ఎక్స్‌ప్రెస్‌లో అడ్డుపడేవి ఆ నొక్కులే. పాత వింగ్‌మాస్టర్ గొట్టం నున్నగా ఉంటుంది కనుక పొడిగింపు నేరుగా ఎక్కుతుంది. ఈ విషయంలో పాతదే సౌకర్యం.

మీకు కావలసినది ఇంతే: మూతను చేతితో గట్టిగా బిగించండి, ప్రతి ఐదారు తూటాలకు ఒకసారి వేలితో తడిమి చూడండి. మూత వదులైతే బ్యారెల్ ముందుకు కదులుతుంది, అది మంచిది కాదు. కొందరు మూత కింద సన్నని రబ్బరు ఉంగరం పెడతారు. నేను దాన్ని సమర్థించను, ఎందుకంటే రబ్బరు నలిగిన కొద్దీ బిగువు మళ్లీ మారుతుంది.

బఫెలో_రాధిక
12 గేజ్ సంగతి తేలింది కనుక 20 గేజ్ వారి కోసం నా అనుభవం చెబుతాను. మా మామగారి 870 20 గేజ్, 1960లది. మా అమ్మాయికి పొట్టి బ్యారెల్ కావాలని 20 గేజ్ బ్యారెల్ ఒకటి వాడినది తెప్పించాను. ఉంగరం మ్యాగజైన్ గొట్టానికి ఎక్కనే లేదు. రెండూ 870లే, రెండూ 20 గేజ్‌లే, అయినా కుదరలేదు. ఎందుకో ఆ రోజు అర్థం కాలేదు. తరువాత తెలిసింది: 1972లో తేలికపాటి చిన్న రిసీవర్ మీద 20 గేజ్ వచ్చింది, అంతకుముందు 20 గేజ్‌ను 12 గేజ్ పరిమాణపు రిసీవర్ మీదే కట్టేవారు. పాత పెద్ద చట్రానికి ఈ చిన్న చట్రపు బ్యారెల్ గాని, ఫోర్‌ఎండ్ గాని, కర్ర గాని ఏదీ పనికిరాదు. అమ్మినవారు మర్యాదగా వెనక్కి తీసుకున్నారు.

కొలంబస్_రావు
చాలా ఉపయోగపడే మాట చెప్పారు, రాధిక గారూ. 20 గేజ్ కొనేవారు బ్యారెల్ ఫొటోతో పాటు ఉంగరం లోపలి వెడల్పును స్కేలు పెట్టి తీసిన ఫొటో కూడా అడగాలి.

కరీంనగర్_12బోరు
మా తాతగారి నుంచి లైసెన్సు మీద వచ్చిన జోడునాలి ఇంగ్లీషు తుపాకీ నా దగ్గర ఉంది. పంపు తుపాకీ కాకపోయినా స్వప్న గారు చెప్పిన చాంబర్ పొడవు సంగతి మాకూ అక్షరాలా వర్తిస్తుంది కనుక రాస్తున్నాను. ఇక్కడ 12 బోరు తూటాలు 65 మిల్లీమీటర్లవీ, 70 మిల్లీమీటర్లవీ దొరుకుతాయి. 65 అంటే మీ లెక్కలో రెండున్నర అంగుళాలు, 70 అంటే రెండు ముప్పావు. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావరకు రెండున్నరకు చేసినవి. 70 తూటా వాటిలో పడుతుంది, మూసుకుంటుంది, మీరు చెప్పిన మడతల కథే జరుగుతుంది. మా తాతగారు తుపాకీ సంచి లోపల సిరాతో '65 మాత్రమే' అని రాసి పెట్టారు. ఆ రాత ఎందుకో ఈ రోజు పూర్తిగా అర్థమైంది.

ఒక ప్రశ్న. మా బంధువు ఒకరికి లైసెన్సు మీద పంపు తుపాకీ ఉంది. అమెరికా నుంచి వచ్చేవారు దానికి స్ప్రింగో, ఎక్స్‌ట్రాక్టరో సామానులో తేవచ్చా?

లేథ్_శర్మ
తేకూడదు. అమెరికా సమాఖ్య చట్టంలో తుపాకీ అంటే క్రమసంఖ్య ఉన్న రిసీవర్. బ్యారెల్, ట్రిగ్గర్ గ్రూపు ఇంటికి పోస్టులో వస్తాయి. కానీ భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ఆయుధం అన్న మాటలోనే ఆయుధ భాగాలను కూడా చేర్చింది. చిన్న ఉక్కు ముక్కే కదా అని పెట్టెలో వేసుకొని దిగితే విమానాశ్రయంలోనే పట్టుబడతారు. మీ బంధువును లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికే వెళ్లమనండి.

ఒహాయో_గన్నవరం
పాత తుపాకీకి బ్యారెల్ మార్చుకోవడం అన్నిటిలో ఇంత సులువు కాదని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నేను ఇథాకా 37 పంపు తుపాకీ ఒకటి కొని, 870 అలవాటుతో దానికి రెండో బ్యారెల్ వెతికాను. క్రమసంఖ్య 8,55,000 లోపు ఉన్న 37లకు బ్యారెల్‌ను ఒక్కొక్కదానికీ విడిగా అమర్చి పంపారని, తెలిసిన గన్‌స్మిత్ చేత కొలిపించకుండా మార్చకూడదని అప్పుడు తెలిసింది. ఆ సంఖ్య దాటినవాటికి మార్చుకోవచ్చు. నాది అంతకుముందుది.

లేథ్_శర్మ
దానికి కారణం నేను మొదట చెప్పిన విషయమే. ఇథాకా 37లోనూ, 1912 నుంచి 1964 దాకా చేసిన విన్‌చెస్టర్ మోడల్ 12లోనూ బోల్టు వెనక భాగం పైకి లేచి రిసీవర్ కప్పులోనే పట్టుకుంటుంది, బ్యారెల్‌ను కాదు. అప్పుడు బోల్టు ముఖానికీ తూటా అంచు ఆనే చోటుకూ మధ్య ఖాళీ, బ్యారెల్ రిసీవర్‌లోకి ఎంత లోతుగా కూర్చుందో దాని మీద ఆధారపడుతుంది. మోడల్ 12లో ఆ లోతును సరిచేసుకోవడానికి పళ్లున్న ఉంగరం ఒకటి ప్రత్యేకంగా ఉంది. పాత 16 గేజ్ మోడల్ 12లకు చాంబర్ కూడా ఇప్పటి కంటే పొట్టి, రెండుంబావు కంటే ఎక్కువ, రెండు ముప్పావు కంటే తక్కువ. కచ్చితంగా చెప్పాలంటే 2 9/16 అంగుళాలు. ఎంత అందంగా ఉన్నా కొలవకుండా కాల్చవద్దు.

గోదారిగట్టు
నేను నా 'వి' తుపాకీలో మూడంగుళాలవి ఆపేస్తున్నాను. పదిలో రెండు అని నేనే రాసి, రాత్రి మళ్లీ చదువుకుంటే ఆ రెండిటిలో ఒకదాన్ని పీకుతున్నప్పుడు మా తమ్ముడు నా ఎడమ పక్కన నిలబడి ఉన్న సంగతి గుర్తొచ్చింది. 2¾ ఉక్కు తూటాలతో బాతులు పడతాయా అన్నదే ఇప్పుడు నా సందేహం.

క్లేబర్డ్_స్వప్న
పడతాయి. 1991 నుంచి దేశమంతటా బాతులకు సీసం నిషేధించారు. అప్పటి నుంచి 2¾ ఉక్కు తూటాలతో కొట్టేవారు కొట్టుతూనే ఉన్నారు. దూరం తగ్గించుకోవాలి, చోక్ సడలించాలి. సీసానికి ఫుల్ వాడే చోట ఉక్కుకు మాడిఫైడ్ గాని, ఇంప్రూవ్డ్ సిలిండర్ గాని చాలు, ఎందుకంటే ఉక్కు గుళ్లు గట్టివి, నలగకుండా గుత్తిగానే వెళ్తాయి. పాత ఫుల్ చోక్‌లో అవి చోక్ దగ్గర గొట్టాన్ని ఉబ్బించగలవు. వేణు గారు కొత్త బ్యారెల్ కొనడానికి మొదట చెప్పిన కారణం నూటికి నూరుపాళ్లు సరైనది. మూడంగుళాల ఆశ ఒక్కటే దానికి అనవసరంగా తోడైంది.

మిషిగన్_మామయ్య
మ్యాగజైన్‌లో చెక్క ప్లగ్గు ఉందో లేదో కూడా చూసుకోండి, వేణు గారూ. వలస పక్షులకు చాంబర్‌తో కలిపి మూడు తూటాలే పట్టాలి. పాత తుపాకులు కొన్నప్పుడు ఆ ప్లగ్గు ఎవరో ఎప్పుడో తీసేసి ఉంటారు.

డల్లాస్_వేణు
రెండు వారాల తరువాత రాస్తున్నాను. మా ఊరి గన్‌స్మిత్ దగ్గరికి రెండు బ్యారెళ్లూ తుపాకీ తీసుకెళ్లాను. ఆయన కొత్త బ్యారెల్‌లో చాంబర్ గేజి దూర్చి మూడంగుళాలేనని ఖాయం చేశారు, పాతదాన్ని కొలిచి రెండు ముప్పావు అన్నారు, తరువాత రిసీవర్‌లోకి చిన్న దీపం పెట్టి ఎజెక్టర్ చూపించారు. అరవై ఏళ్లలో దాని కొస మీద తూటా అంచులు కొట్టి కొట్టి అద్దంలా మెరిసే చిన్న నెలవంక పడింది. ఎజెక్టర్ స్ప్రింగు ఇంకా పుట్టినప్పటిదే, బలంగా ఉందని చెప్పారు. దేన్నీ మార్చవద్దన్నారు.

పాత బ్యారెల్ మీద ఉన్న రెండు చిన్న అక్షరాలను బట్టి తయారైన నెల కూడా చెప్పారు. 'బ్లాక్‌పౌడర్' అన్న ఇంగ్లీషు మాట చివర 'ఎక్స్' చేర్చితే పన్నెండు అక్షరాలు, జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకొకటి. నాది 'కె', అంటే ఐదోది, మే నెల. బ్యారెల్ మారి ఉండవచ్చు కనుక అది తుపాకీ పుట్టిన నెల అని నమ్మడానికి లేదని ఆయనే హెచ్చరించారు. పెద్దాయనకు ఫోన్ చేసి అడిగితే బ్యారెల్ ఎప్పుడూ మార్చలేదన్నారు.

నిన్న పొద్దున 2¾ ఉక్కు తూటాలు ఒక పెట్టె, మాడిఫైడ్ చోక్‌తో కాల్చాను. ఇరవై ఐదూ కుడి పక్కన ఒకే చోట కుప్పగా పడ్డాయి. ప్రతి ఐదింటికి ఒకసారి మూత తడిమాను, రెండుసార్లు పావు చుట్టు బిగించవలసి వచ్చింది. ప్లగ్గు లేదు, వడ్రంగి పుల్ల ఒకటి కోసి పెట్టాను. కొత్త బ్యారెల్ ఉంగరం పక్కన తెల్ల టేపు అంటించి '2¾ మాత్రమే' అని రాశాను. స్నేహితుడి ట్రిగ్గర్ గ్రూపు అతని దగ్గరే ఉంది.

కరీంనగర్_12బోరు
టేపు నూనెకు ఊడిపోతుంది. సంచి లోపల సిరాతో కూడా రాయండి.

డల్లాస్_వేణు
ఇప్పుడే రాశాను.